మీ ప్రశ్న – మా జవాబు: జీవుల నడక, రోబోల చదువు

జీవుల కదలికను చూసి రోబోలు తయారుచేసే విద్య (బయో ఇన్‌స్పైర్డ్ రోబోటిక్స్) గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచే వచ్చాయి. ఒకే సంగతి పలువురు అడిగినచోట ఒక ప్రశ్నగా కలిపాం. పేర్లు వేయలేదు.

ప్రశ్న: మెకానికల్ బి.టెక్ చివరి ఏడాదిలో ఉన్నాను. బయో ఇన్‌స్పైర్డ్ రోబోటిక్స్ పేరుతో ఎం.టెక్ ఎక్కడా కనిపించడం లేదు. ఏ బ్రాంచి తీసుకోవాలి? గేట్ ఏ పేపర్ రాయాలి?
– విద్యార్థిని, హనుమకొండ

జవాబు: కనిపించకపోవడంలో వింతేమీ లేదు. మన దేశంలో ఇది డిగ్రీ పేరుగా చాలా అరుదు. రోబోటిక్స్, మెషిన్ డిజైన్, మెకట్రానిక్స్, కంట్రోల్ సిస్టమ్స్ ఎం.టెక్‌లలో ఒక ఎలక్టివ్‌గానో, రెండో ఏడాది థీసిస్ అంశంగానో వస్తుంది. అందుకే కోర్సు పేరును బట్టి కాకుండా గైడ్‌ను బట్టి సీటు ఎంచుకోండి. ఆ విభాగంలో పనిచేసే ఒక్కో అధ్యాపకుడి పేరుతో గూగుల్ స్కాలర్‌లో గత 5 ఏళ్ల పేపర్లు తీయండి. కాళ్ల రోబోలు, మెత్తని రోబోలు, ఈదే యంత్రాలు, రెక్కలాడించే యంత్రాలు – వీటిలో ఏదో ఒకదానిపై రెండు మూడు పేపర్లుండి, వాటిలోని గ్రాఫులు సొంత ల్యాబ్‌లో కొలిచినవైతే ఆ గైడ్ మీకు పనికొస్తారు. అన్నీ సిమ్యులేషన్ బొమ్మలే అయితే రెండేళ్లలో మీరు స్క్రూడ్రైవర్ పట్టుకునేది తక్కువే.

మెకానికల్ వాళ్లు గేట్‌లో మెకానికల్ పేపరే రాయడం మేలు. రెండో పేపర్ రాయవచ్చు కానీ అనుమతించిన జతల్లోంచే ఎంచుకోవాలి. రెండిటికీ సగం సగం చదివి రెండూ చెడగొట్టుకునేవాళ్లే ఎక్కువ. గేట్ స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. వరంగల్ ఎన్‌ఐటీతో సహా ఎన్‌ఐటీల గేట్ సీట్లు సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్‌లో నిండుతాయి. ఐఐటీలకు ఎక్కడికక్కడ దరఖాస్తు చేసుకుని, ఆఫర్లను సీఓఏపీ అనే ఉమ్మడి పోర్టల్‌లో ఒప్పుకోవాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు పీజీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. గేట్‌తో చేరిన ఎం.టెక్ విద్యార్థికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. దానికి బదులుగా వారంలో కొన్ని గంటలు ల్యాబ్ క్లాసులకు సాయం చేయాలి.

రోబోటిక్స్ పేరే ఉన్న డిగ్రీ కావాలంటే బెంగళూరు ఐఐఎస్సీలో రోబోటిక్స్ అండ్ అటానమస్ సిస్టమ్స్ ఎం.టెక్ ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఎం.ఎస్. బై రీసెర్చ్‌కు పీజీఈఈ అనే సొంత పరీక్ష పెడుతుంది. మా మొగ్గు రీసెర్చ్ డిగ్రీ వైపే. ఎం.టెక్ థీసిస్‌కు చేతికి దొరికేది ఒక్క ఏడాది. దాంట్లో మొదటి రెండు నెలలు పాత పేపర్లు చదవడానికి, చివరి రెండు నెలలు రాతకు పోతాయి. మధ్యలో ఒక సర్వో (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారు) కాలిపోయి కొత్తది రావడానికి వారం పట్టిందంటే షెడ్యూల్ చేయి దాటుతుంది. రీసెర్చ్ డిగ్రీలో క్లాసులు తక్కువ, ల్యాబ్ గడువు ఎక్కువ.

ప్రశ్న: గోడ ఎక్కే బల్లి రోబోను ప్రాజెక్టుగా పెట్టుకున్నాం. ఆకారం త్రీడీ ప్రింట్ చేశాం. కాళ్లకు డబుల్ సైడ్ టేప్ వేస్తే అతుక్కుంటోంది గానీ అడుగు లేవడం లేదు.
– బి.టెక్ బృందం, మంచిర్యాల

జవాబు: మీరు తోకతో సహా బల్లి రూపం దించారు. దాని పాదం ఎలా పనిచేస్తుందో మాత్రం వదిలేశారు. టోకే జాతి పెద్ద బల్లి ఒక్కో పాదం కింద దాదాపు 5 లక్షల సన్నని కేశాలుంటాయి. వాటి కొసలు ఇంకా సన్నగా చీలి గోడకు అతి దగ్గరగా ఆనుతాయి. కెలర్ ఆటమ్ బృందం 2000లో ఒక్క కేశం పట్టు ఎంతో కొలిచింది. ఆ కేశాలు ఒక దిక్కుకు లాగితేనే పట్టుకుంటాయి, గోడతో చేసే కోణం పెంచగానే ఊడివస్తాయి. స్టాన్‌ఫర్డ్‌లో తయారైన స్టికీబాట్‌లో అసలు విషయం ఇదే. అతుక్కోవడం కంటే తేలిగ్గా ఊడటమే అక్కడ కష్టమైన పని.

టేప్ అన్ని దిక్కులా ఒకేలా పట్టుకుంటుంది. దాన్ని నిలువునా లాగే బదులు అంచు నుంచి ఒలిస్తే బలం ఎన్నో రెట్లు తక్కువ చాలు. కాబట్టి పాదాన్ని గట్టి పలకగా కాకుండా వంగే పట్టీగా చేయండి. వేళ్ల కొస నుంచి మడమ వైపు సన్నని నైలాన్ దారంతో ఒలిచే ఏర్పాటు పెట్టండి. ముందు ఒక్క పాదాన్ని స్ప్రింగ్ త్రాసుకు కట్టి, గాజుపలక మీద 15, 30, 45, 60, 90 డిగ్రీల కోణాల్లో ఎంత బలానికి ఊడుతుందో ఒక్కో కోణంలో పదిసార్లు కొలవండి. ఆ ఒక్క గ్రాఫ్ మీ బల్లి బొమ్మ కంటే విలువైంది. టేప్ మీద దుమ్ము పడితే పట్టు పడిపోతుంది కాబట్టి ప్రతి కొలతకూ కొత్త ముక్క వాడండి.

ప్రశ్న: ఆరు కాళ్ల రోబో చేశాం. 18 ఎంజీ996ఆర్ సర్వోలు, ఈఎస్పీ32 కంట్రోలర్ బోర్డు, రెండు సెల్‌ల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ. ఆరు కాళ్ల మీద చక్కగా నిలబడుతుంది. నడవమంటే మధ్య కాలు కుంగుతుంది, బోర్డు రీస్టార్ట్ అవుతుంది. కోడ్ ఎన్నిసార్లు మార్చినా అంతే.
– ఇంజనీరింగ్ విద్యార్థులు, జగిత్యాల

జవాబు: కోడ్‌ను వదిలేయండి. ఇందులో రెండు రోగాలున్నాయి, ఒకటి బరువుది, ఇంకొకటి కరెంటుది. ఒకదాన్ని ఇంకొకటి పెంచుతోంది.

బరువు లెక్క చూడండి. ఒక్కో సర్వో 55 గ్రాములు. 18 కలిపితే 990 గ్రాములు. చట్రం, బ్యాటరీ, తీగలు కలిపి రోబో 2.4 కిలోలు ఉందనుకుందాం. తుంటి కీలు నుంచి పాదం దాకా అడ్డంగా కొలిస్తే 8 సెంటీమీటర్లు అనుకుందాం. ఆరు కాళ్ల మీద నిలబడినప్పుడు కాలికి 0.4 కిలోలు, అంటే కీలు మీద 3.2 కిలో-సెంటీమీటర్ల టార్క్ (తిప్పే బలం). ఇబ్బంది లేదు. మూడు కాళ్లెత్తి మూడింటి మీద నడిచేటప్పుడు చాలామంది 2.4ను మూడుతో భాగించి 0.8 అంటారు. అక్కడే లెక్క తప్పుతుంది. నేల మీదున్న మూడింటిలో రెండు ఒక పక్క, ఒకటే, అదీ మధ్య కాలు, రెండో పక్క. రోబో పక్కకు ఒరగకుండా ఉండాలంటే ఆ ఒంటరి కాలు సగం బరువు మోయాలి. అంటే 1.2 కిలోలు, 8 సెంటీమీటర్ల దూరానికి 9.6 కిలో-సెంటీమీటర్లు. ఎంజీ996ఆర్ కంపెనీ చెప్పే గరిష్ఠ టార్క్ 4.8 ఓల్టుల దగ్గర 9.4, 6 ఓల్టుల దగ్గర 11. పైగా అది షాఫ్ట్ కదలకుండా ఆగిపోయే దగ్గర అంకె. ఎడతెగకుండా వాడుకోదగ్గది అందులో మూడో వంతు నుంచి సగం. మీ మధ్య కాలు ఎందుకు కుంగుతోందో తెలిసిపోయింది కదా.

సర్వో మీద అచ్చేసిన అంకెను నమ్మకండి, బజారులో నకళ్లు ఎక్కువ. సర్వోను బల్ల అంచుకు బిగించి, 10 సెంటీమీటర్ల చేయి తగిలించి, కొసకు ఖాళీ సీసా వేలాడదీసి నీళ్లు పోస్తూ పొండి. అర లీటరుకు 5 కిలో-సెంటీమీటర్లు. ఎక్కడ చేయి జారిందో అదే దాని సత్తా.

ఇప్పుడు మందు. పాదాన్ని లోపలికి లాగి అడ్డదూరం 8 నుంచి 5 సెంటీమీటర్లకు తగ్గించండి. అప్పుడు 9.6 కాస్తా 6 అవుతుంది. మూడు కాళ్లు ఒకేసారి ఎత్తే నడక మానేసి ఒక్కో కాలే ఎత్తే అల నడకకు రండి. అప్పుడు కాలికి సుమారు 0.6 కిలోలు, టార్క్ 3 దగ్గరకు దిగుతుంది. వేగం తగ్గుతుంది, తగ్గనివ్వండి. ఇంకొకటి: కాలును ముందుకు వెనక్కు తిప్పే తుంటి సర్వోకు నిలువు బరువుతో పని లేదు. అక్కడ 13 గ్రాముల ఎంజీ90ఎస్ రకం సరిపోతుంది. ఆరింటికి కలిపి సుమారు 250 గ్రాములు ఆదా. అయితే చిన్న సర్వో షాఫ్ట్ వంగకుండా ఎదుటి వైపు బేరింగ్ తప్పక పెట్టాలి. పెట్టకపోతే వారంలో పళ్లు అరుగుతాయి.

ఇక కరెంటు. ఈ సర్వో ఆగిపోతే 6 ఓల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు లాగుతుంది. 18 సర్వోలూ అలా లాగితే 45. అన్నీ ఒకేసారి ఆగవు కానీ, మొదట స్విచ్ వేసినప్పుడు అన్నీ తమ స్థానానికి దూకే క్షణంలో 20 దాటడం మామూలే. అందరూ వాడే ఎల్‌ఎం2596 ఓల్టేజీ తగ్గించే మాడ్యూల్ 3 ఆంపియర్లకే. మీరు బ్యాటరీని నేరుగా కలిపి ఉంటే అది ఇంకో తప్పు. నిండా ఛార్జ్ అయిన రెండు సెల్‌ల లైపో 8.4 ఓల్టులు, సర్వో హద్దు 7.2. ఆరేసి సర్వోలకు ఒకటి చొప్పున, 6 ఓల్టులు, 8 నుంచి 10 ఆంపియర్ల యూబీఈసీలు (బ్యాటరీ ఓల్టేజీని తగ్గించి నిలకడగా ఇచ్చే మాడ్యూళ్లు) మూడు పెట్టండి. వాటి ప్లస్ తీగలను ఒకదానితో ఒకటి కలపకండి. మైనస్ తీగలు మాత్రం అన్నీ ఒకేచోట కలవాలి. ఈఎస్పీ32కు వేరే చిన్న 5 ఓల్టుల రెగ్యులేటర్ ఉండాలి. సర్వోల లైన్ నుంచే దానికీ ఇస్తే ఓల్టేజీ కిందికి జారగానే బోర్డు రీస్టార్ట్ కాక ఏం చేస్తుంది?

సర్వోలను నడిపే పీసీఏ9685 బోర్డుకు 16 చానళ్లే కాబట్టి రెండు కావాలి. రెండోదాని మీద ఏ0 జంపర్‌ను టంకం వేసి చిరునామా మార్చాలి, లేకపోతే రెండూ ఒకే మాట వింటాయి. ఆ బోర్డు పచ్చ టెర్మినల్ గుండా 9 సర్వోల భారం పంపకండి, రాగి పట్టీలు వేడెక్కుతాయి. మందపాటి సిలికాన్ తీగతో, 16 గేజ్ చాలు, సర్వో గుంపుల దగ్గరకే పవర్ లాగండి. ఒక్కో గుంపు దగ్గర 1000 మైక్రోఫారడ్, 16 ఓల్టుల కెపాసిటర్ వేయండి. స్విచ్ వేయగానే ఒక్కో సర్వోను 100 మిల్లీసెకన్ల ఎడంతో లేపండి.

5000 ఎంఏహెచ్ రెండు సెల్‌ల ప్యాక్‌లో 37 వాట్-అవర్లు ఉంటాయి. అందులో 80 శాతమే వాడాలి. సగటున 60 వాట్లు లాగితే కాగితం మీద సుమారు 30 నిమిషాలు, చేతల్లో 20. సెల్ 3.5 ఓల్టులకు రాగానే ఆపండి. 3 ఓల్టుల కిందికి పోతే ఉబ్బుతుంది. ఎండాకాలం ప్యాక్‌ను బైకు డిక్కీలో పెట్టొద్దు, వాడనప్పుడు సెల్‌కు 3.8 ఓల్టుల దగ్గర దాచండి. యూబీఈసీలు, తీగలు హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో చూసి తెచ్చుకోవచ్చు.

ఇవన్నీ విన్నాక 18 సర్వోలు ఎందుకు అనిపిస్తే మంచిదే. 2001లో వచ్చిన ఆర్‌హెక్స్ అనే ఆరు కాళ్ల రోబోకు కాలికి ఒకే మోటారు, మొత్తం ఆరు. వంగే అర్ధచంద్రాకారపు కాళ్లు గిర్రున తిరుగుతాయి. బొద్దింక పరుగులో కాళ్ల వంగుడే సగం నియంత్రణ చేస్తుందన్న ఆలోచనను పట్టుకుని కట్టింది అది. మోటార్లు తగ్గి, రాళ్లూ రప్పల మీద పరుగు పెరిగింది. థీసిస్‌కు 18 కీళ్ల కంటే ఇలాంటి ఆరు కీళ్లలోనే అడగదగ్గ ప్రశ్నలు ఎక్కువ.

ప్రశ్న: ఎం.ఎస్సీ. జువాలజీ చేశాను. ఈ రంగంలో నాకు చోటుందా?
– పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఉంది, కానీ ఎం.టెక్ ద్వారా కష్టం. చాలా రోబోటిక్స్ ఎం.టెక్‌లు ఇంజనీరింగ్ డిగ్రీ అడుగుతాయి. మీ దారి పీహెచ్‌డీ. నెట్ జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో జంతువుల కదలికపై పనిచేసే గైడ్ దగ్గర చేరవచ్చు. ఇంజనీర్ల దగ్గర లేనిది, మీ దగ్గర ఉండాల్సింది నికరమైన జంతు కొలతలు. మీకు రావలసింది లీనియర్ ఆల్జీబ్రా, అవకలన సమీకరణాలు, పైథాన్. ఆర్నెల్లు రోజుకు రెండు గంటలు కూర్చుంటే అందుతాయి.

ఇప్పుడే మొదలుపెట్టాలంటే సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ చాలు. అమెరికన్ బొద్దింక గరిష్ఠంగా సెకనుకు 1.5 మీటర్లు పరుగెడుతుంది. ఆ వేగంలో ఒక్కో కాలు సెకనుకు 27 సార్ల దాకా లేచి ఆనే చక్రం పూర్తి చేస్తుందని రాబర్ట్ ఫుల్ బృందం 1991లో కొలిచింది. 240ని 27తో భాగిస్తే చక్రానికి 9 ఫ్రేములే. పాదం ఎప్పుడు ఆనిందో చెప్పడానికి చాలవు. నెమ్మదిగా నడిచే పురుగులతో, చీమలతో మొదలుపెట్టండి. షట్టర్ 1/2000కు పెట్టండి. అప్పుడు 1.5 మీటర్ల వేగంలో కూడా బొమ్మ చెదరడం 0.75 మిల్లీమీటర్లకు మించదు. అంత షట్టర్‌కు వెలుతురు చాలా కావాలి. పాత ట్యూబ్‌లైట్ కింద తీయొద్దు, మన కరెంటుకు అది సెకనుకు 100 సార్లు మినుకుతుంది, ఫ్రేముకో రంగు వస్తుంది. పొద్దుటి ఎండో, బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీనో వాడండి. అద్దం కింద గ్రాఫ్ పేపర్ పరిస్తే కొలబద్ద దొరికినట్టే. కెమెరా సరిగ్గా నిలువుగా ఉండాలి, పక్కకు వాలితే అంచుల్లో దూరాలు తప్పుతాయి. బిందువులు గుర్తించడానికి ట్రాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టి, వీడియోలు పెరిగాక డీప్‌ల్యాబ్‌కట్‌కు మారండి.

చట్టం మరవకండి. పాములు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. అనుమతి లేకుండా పట్టడం, ఇంట్లో ఉంచడం నేరం. వెన్నెముక ఉన్న జీవులతో ఏ ప్రయోగానికైనా సంస్థలోని జంతు నైతిక కమిటీ ఆమోదం ముందుగా ఉండాలి. చేపలూ అందులోకే వస్తాయి, చెరువులోంచి కొర్రమట్టను తెచ్చి తొట్టిలో ఈదించి వీడియో తీశామంటే జర్నల్ ఒప్పుకోదు.

ప్రశ్న: పండ్లు నలగకుండా పట్టే మెత్తని గ్రిప్పర్ కోసం ఎకోఫ్లెక్స్ 00-30 సిలికాన్ పోశాం. ఒకసారి బుడగలు, ఒకసారి అసలు గట్టిపడలేదు, ఒకసారి గాలి నింపగానే అతుకు విడిపోయింది. చపాటా మిర్చి కోతకు వాడాలని ఆశ.
– ఎం.టెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: మూడింటికీ మూడు వేరు కారణాలు. రెండు సీసాల ద్రవాలు సమానంగా, బరువు తూచి కలపాలి. నిదానంగా, గిన్నె అంచులు గీకుతూ మూడు నిమిషాలు తిప్పండి. గిలకొడితే గాలి చేరుతుంది. వాక్యూమ్ పెట్టెలో రెండు మూడు నిమిషాలు ఉంచితే నురగ పైకి పొంగి కూలుతుంది. పొంగడానికి చోటుండాలి, గిన్నె మిశ్రమానికి మూడింతలైనా ఉండాలి. వాక్యూమ్ పంపు లేకపోతే ఎత్తు నుంచి సన్నని ధారగా అచ్చులో ఒక మూలనే పోయండి, పెద్ద బుడగలు చాలావరకు ధారలోనే చితికిపోతాయి.

ఈ సిలికాన్‌కు పని గడువు 45 నిమిషాలు, గట్టిపడటానికి 4 గంటలు అని డబ్బా మీద ఉంటుంది. అది 23 డిగ్రీల గదికి చెప్పిన లెక్క. మే నెలలో ఏసీ లేని ల్యాబ్‌లో ఆ 45 నిమిషాలను నమ్ముకోవద్దు. సీసాలను ముందే చల్లబరిచి తెల్లవారుజామున పోసుకోండి. అచ్చు పీఎల్ఏతో (త్రీడీ ప్రింటర్ ప్లాస్టిక్) చేస్తే దాన్ని ఎండలో ఆరబెట్టకండి, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడి వంకర పోతుంది.

గట్టిపడకపోవడానికి ఎక్కువసార్లు కారణం చేతి తొడుగులు. ఇది ప్లాటినమ్‌తో గట్టిపడే రకం. లేటెక్స్ తొడుగుల్లోని, కొన్ని బంకమన్నుల్లోని గంధకం దాన్ని ఆపేస్తుంది. సరిగ్గా ఆరని రెజిన్ ప్రింట్ల అచ్చులూ అంతే, ఆనిన ముఖం జిగటగా మిగిలిపోతుంది. నైట్రైల్ లేదా వినైల్ తొడుగులు, పీఎల్ఏ అచ్చు వాడండి. కొత్త అచ్చు దేనిలోనైనా ముందు 5 గ్రాములు పోసి పరీక్షించండి.

అతుకు సంగతి. గదులున్న పై భాగం, సాగని అడుగు పొర – ఈ రెంటినీ కలిపేటప్పుడే పని చెడుతుంది. అడుగు పొరకు కాగితం లేదా పల్చని నూలు గుడ్డ పరిచి ఒకటి రెండు మిల్లీమీటర్ల సిలికాన్ పోస్తారు. అది నీళ్లలా ఉండగా పై భాగం పెడితే ద్రవం ఎక్కి గాలి దారులు మూసుకుపోతాయి. పూర్తిగా గట్టిపడ్డాక పెడితే అతుకు బలహీనం. గడ్డపెరుగులా ముద్ద కట్టి, వేలికి కాస్త అంటే దశలో పెట్టాలి. గాలి కారే రెండో చోటు ట్యూబ్ దూర్చే దగ్గర. అక్కడ రంధ్రం ట్యూబ్ కంటే సన్నగా ఉంచి, చుట్టూ సిలికాన్ జిగురు రాయండి. నీళ్ల తొట్టిలో ముంచి 60 మిల్లీలీటర్ల సిరంజితో గాలి నొక్కి బుడగల కోసం చూడండి. పంపు తర్వాత. గోడ ఒకచోట పల్చగా ఉంటే గాలంతా అక్కడే బెలూన్‌లా ఉబ్బుతుంది, మిగతా వేలు వంగదు. గోడ మందాలు సమానంగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి మొదటి వేలిని మధ్యకు కోసి చూడటమే పద్ధతి. అది వృథా కాదు.

మిర్చి కోతకు అంటారా, పట్టడం చిన్న పని. తొడిమ దగ్గర తెంపడం, ఆకుల మధ్య కాయను వెతకడం పెద్ద పనులు. థీసిస్‌ను పట్టు వరకే పరిమితం చేయండి. ఎకోఫ్లెక్స్ 00-30 మరీ మెత్తన, వేళ్లకు డ్రాగన్ స్కిన్ లాంటి గట్టి రకం వాడి, కాయను తాకే చోట మాత్రం దీన్ని వాడండి.

ప్రశ్న: కంప్యూటర్‌లో నా నాలుగు కాళ్ల రోబో గుర్రంలా పరుగెడుతుంది. బయట టైల్స్ మీద రెండడుగులకే బోర్లా పడుతుంది. సీపీజీ (లయను పుట్టించే డోలకాల పద్ధతి) వాడాలా, రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగా (తప్పులు చేస్తూ నేర్చుకునే పద్ధతి)?
– ఎం.టెక్ మొదటి ఏడాది విద్యార్థి, కాజీపేట

జవాబు: పద్ధతి తర్వాత, ముందు మోడల్ సరిచేయండి. ప్రతి భాగాన్నీ వంటింటి డిజిటల్ త్రాసులో తూచి ఆ బరువులే యూఆర్‌డీఎఫ్‌లో (సిమ్యులేటర్‌కు రోబోను వర్ణించే ఫైలు) రాయండి. హాబీ సర్వోకు ఆదేశం 20 మిల్లీసెకన్లకు ఒకసారే వెళ్తుంది. సిమ్యులేటర్‌లో తక్షణం కదిలే కీలు పెట్టారంటే అది మీ రోబో కాదు. సర్వోకు ఒక్కసారి 30 డిగ్రీల ఆదేశమిచ్చి, స్లోమోషన్‌లో తీసి, ఎంత ఆలస్యంగా మొదలై ఎంతసేపట్లో చేరిందో కొలిచి అదే ఆలస్యాన్ని లోపల పెట్టండి. గేర్ల వదులు ఒకటి రెండు డిగ్రీలు కూడా కలపండి. నేల ఘర్షణ గుణకాన్ని ఒకే అంకెగా పెట్టకుండా 0.3 నుంచి 0.9 దాకా మార్చి నడిపించండి. నున్నటి టైల్ మీద ప్లాస్టిక్ పాదం జారుతుంది, సైకిల్ ట్యూబ్ ముక్క అంటిస్తే మీ సమస్యలో సగం అక్కడే పోవచ్చు.

గుర్రంతో పోలిక మీద ఒక మాట. వేగం వర్గాన్ని గురుత్వ త్వరణం, కాలి పొడవుల లబ్ధంతో భాగిస్తే ఫ్రూడ్ సంఖ్య వస్తుంది. జంతువులు నడక నుంచి పరుగుకు మారేది ఇది 0.5 దగ్గర. మీ రోబో కాలు 10 సెంటీమీటర్లు అయితే ఆ స్థాయికి సెకనుకు 0.7 మీటర్ల వేగం కావాలి. హాబీ సర్వోలతో సెకనుకు 0.1 మీటరు వస్తే ఫ్రూడ్ సంఖ్య 0.01. అంత నెమ్మదిలో గుర్రపు పరుగు లయకు అర్థం లేదు, పడిపోవడం సహజం. ఒక్కో కాలే ఎత్తే నడకతో మొదలుపెట్టండి.

ఇక పద్ధతి. వెన్నుపాములోని లయ వలయాలను అనుకరించేది సీపీజీ. ఒక్కో కాలికి ఒక డోలకం పెట్టి, వాటి మధ్య దశాభేదాలు కుదుర్చుకోవాలి. ఐస్పీర్ట్ బృందం 2007లో సాలమాండర్ రోబోతో చూపింది ఇదే. ఒక్క ప్రేరణ స్థాయిని పెంచుతూ పోతే కాళ్ల డోలకాలు ఒక హద్దు దాటాక ఆగిపోతాయి, వెన్ను డోలకాలు కొనసాగుతాయి, నడక కాస్తా ఈతగా మారుతుంది. సర్దాల్సిన అంకెలు కొన్నే, మైక్రోకంట్రోలర్‌లో పడుతుంది, ఎగ్జామినర్‌కు వివరించగలరు. లెర్నింగ్ పద్ధతి గట్టిదే. కానీ కీళ్ల కోణం, టార్క్ తిరిగి చెప్పే మోటార్లు లేకుండా దాన్ని హార్డ్‌వేర్ మీద దింపడం శిక్ష. మీ సర్వోలు ఏమీ తిరిగి చెప్పవు, కాబట్టి సీపీజీ. సిమ్యులేటర్‌కు ముజోకో తీసుకోండి, 2022 నుంచి ఓపెన్ సోర్స్. పాత గజిబో క్లాసిక్ మీద కొత్తగా మొదలుపెట్టొద్దు, దానికి మద్దతు 2025 జనవరితో ముగిసింది.

ఫలితంగా ఏం చూపాలని అడుగుతారు. ఖర్చయిన శక్తి రేటును బరువు (న్యూటన్లలో), వేగాల లబ్ధంతో భాగించి రవాణా వ్యయం లెక్కకట్టండి. మనిషి నడకకు అది 0.2 దగ్గర. 2005లో కార్నెల్ బృందం దాదాపు అంతే వ్యయంతో నడిచే రెండు కాళ్ల రోబోను చూపింది. హోండా అసిమోకు వాళ్లు వేసిన అంచనా 3.2. పైన జగిత్యాల వాళ్ల ఆరు కాళ్ల రోబో 60 వాట్లతో సెకనుకు 0.1 మీటరు నడిస్తే 25 దాకా వస్తుంది. 25ను 15కు దింపినా అది థీసిసే, ఎలా దిగిందో చెప్పగలిగితే.

ప్రశ్న: మా నాటు మడిల చక్రాల బండి దిగబడ్తది. ఎడ్లు మాత్రం నడుస్తయ్. కాళ్ల రోబో పెడ్తే నడుస్తదా? మా తమ్ముడు ఎం.టెక్‌ల ఇదే చేస్తనంటుండు.
– రైతు, పెద్దపల్లి

జవాబు: మీ తమ్మునికి మంచి అంశమే దొరికింది. బురదలో దిగబడటం కంటే కాలు పైకి తీయడమే ఎక్కువ బలం తింటది. బల్లపరుపు పాదం లేపితే కింద గాలి చేరక పీల్చుకుంటది. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటది, బరువు పడ్డప్పుడు విచ్చుకుంటది, లేపేటప్పుడు దగ్గరికొచ్చి బురదను వదులుతది. మొత్తం రోబో కట్టకుండా ముందు పాదాలు మూడు రకాలు చేయమనుండి: పలక, మధ్యలో రంధ్రమున్నది, కీలుతో రెండుగా విచ్చుకునేది. దమ్ము చేసిన మడి మట్టిని డ్రమ్ముల నింపి, ఒక్కో పాదాన్ని ఒకే లోతుకు దించి, స్ప్రింగ్ త్రాసుతో లేపేటప్పటి బలం రాసుకోవాలె. లేపే వేగం మారితే బలం మారుతది, అందుకని చేతితో కాకుండా మోటారుతో ఒకే వేగంల లేపాలె. మట్టిల నీటి శాతం ప్రతిసారి తూచాలె: తడిమట్టి బరువు, ఆరబెట్టినంక బరువు. అది లేకుంటే కొలతలు ఒకరోజుకు ఒకరోజుకు పొంతన ఉండవు.

వేగం పెంచితే బయటపడుతుందని అనుకోవద్దు. 2009లో శాండ్‌బాట్ అనే ఆరు కాళ్ల రోబోను పొడి రేణువుల మీద నడిపితే, కాళ్లు ఒక హద్దు దాటి వేగంగా తిరిగినప్పుడు నడక ఆగి, ఉన్నచోటే ఈదుతున్నట్టు కొట్టుకుంది. మడి బురద వేరే పదార్థం, కానీ ఈ పరీక్షనూ జాబితాలో చేర్చమనుండి.

ప్రశ్న: ఇది చదివితే ఉద్యోగం వస్తుందా? విదేశీ పీహెచ్‌డీకి ఎలా రాయాలి?
– పలువురు, నిజామాబాద్, ఆదిలాబాద్, ములుగు

జవాబు: బయో ఇన్‌స్పైర్డ్ అనే పేరుతో ఉద్యోగ ప్రకటనలు మన దగ్గర దాదాపు ఉండవు. గిడ్డంగి రోబోలు, డ్రోన్లు, వైద్య పరికరాలు, మోటార్ కంట్రోల్ కంపెనీలు తీసుకునేది ఎంబెడెడ్ సీ (మైక్రోకంట్రోలర్ కోడింగ్), రాస్ 2 (రోబో సాఫ్ట్‌వేర్ వేదిక), కంట్రోల్, సీఏడీ (కంప్యూటర్ డిజైన్) వచ్చినవాళ్లను. థీసిస్‌లో ఈ నాలుగింటిలో కనీసం రెండు మీ చేతి మీదుగా జరగాలి. రోబో బొమ్మ కంటే, పాడైన మోటార్ డ్రైవర్‌ను ఎలా కనిపెట్టారో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో ఎక్కువ పనికొస్తుంది.

విదేశీ పీహెచ్‌డీకి స్విట్జర్లాండ్ ఈపీఎఫ్ఎల్, ఇటలీ సాంతానా, అమెరికాలో హార్వర్డ్, జార్జియా టెక్, స్టాన్‌ఫర్డ్ ల్యాబ్‌ల పేపర్లు చదవడంతో మొదలుపెట్టండి. మెయిల్ 150 మాటలు దాటొద్దు. వాళ్ల ఫలానా పేపర్‌లో ఫలానా బొమ్మ గురించి ఒక ప్రశ్న, మీరు కొలిచిన ఒక గ్రాఫ్, ఎప్పటి నుంచి చేరగలరు – ఇంతే. గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి అంటూ వంద మందికి ఒకే ఉత్తరం పంపితే ఎవరూ తెరవరు. యూరప్‌లో చాలాచోట్ల పీహెచ్‌డీ జీతమున్న ఉద్యోగం, ఖాళీ ప్రకటించినప్పుడే దరఖాస్తు పెట్టాలి. అమెరికాకు చేరే ముందటి ఏడాది డిసెంబర్ గడువులు ఎక్కువ. సిఫారసు లేఖలు మూడు కావాలి కాబట్టి మీ గైడ్‌ను అక్టోబర్‌లోనే అడగండి.